క్రూజ్‌కు డబ్బు కట్టినా గది నంబరు రాలేదా? ఎదురుచూసే రోజుల్లోనూ, ఓవర్‌బుకింగ్ కబురు వచ్చినప్పుడూ ఏం చేయాలి

వేసవి సెలవులు, దసరా సెలవులు దగ్గరపడుతున్నప్పుడల్లా హైదరాబాద్ పాఠకులు ఒకే ప్రశ్న పదేపదే అడుగుతున్నారు. క్రూజ్‌కు డబ్బంతా కట్టేశారు, ధ్రువీకరణ పత్రం కూడా వచ్చింది, కానీ గది నంబరు ఉండవలసిన చోట 'జీటీవై' అన్న మూడక్షరాలు మాత్రమే ఉన్నాయి. గది ఉన్నట్టా, లేనట్టా? కొందరికి ఆ తరువాత మరో ఉత్తరం వస్తుంది: ఓడ నిండిపోయింది, వేరే తేదీకి మారితే ఇంత ఇస్తాం, రెండు రోజుల్లో చెప్పండి అని. ఈ రెండు సందర్భాల్లో ఏ వరుసలో ఏం చేయాలో ఇక్కడ చెబుతున్నాను.

మొదటి ప్రశ్నకు సమాధానం సూటిగా చెప్పవచ్చు. 'జీటీవై' అంటే గ్యారంటీ. గది ఉన్నట్టే, ఏ గది అన్నదే ఇంకా తేలలేదు. మీరు డబ్బు కట్టిన కేటగిరీ (గది రకం)లోగానీ, అంతకంటే పై కేటగిరీలోగానీ ఒక గది ఇస్తామని కంపెనీ మాట ఇచ్చింది, ఎంపిక మాత్రం తన చేతిలో ఉంచుకుంది, అందుకు బదులుగా ధర తగ్గించింది. ఇక ఓవర్‌బుకింగ్ ఎందుకు వస్తుందంటే, తుది చెల్లింపు తేదీకి ముందు చాలామంది రద్దు చేసుకుంటారు కనుక కంపెనీలు ఉన్న గదులకంటే కొన్ని ఎక్కువ అమ్ముతాయి. అనుకున్నంతమంది రద్దు చేసుకోకపోతే లెక్క తప్పుతుంది. సిల్వర్‌సీ, సీబోర్న్, రీజెంట్ వంటి కంపెనీల విలాస ఓడలు చిన్నవి. సిల్వర్ మ్యూజ్‌లో 596 మంది, సీబోర్న్ ఎన్‌కోర్‌లో సుమారు 600 మంది ప్రయాణికులకే చోటుంటుంది. అంత చిన్న ఓడలో ఒక్క కేటగిరీలో నాలుగైదు సూట్లు ఎక్కువ అమ్ముడైనా సర్దడం కష్టమవుతుంది. ఏదో ఒక సంస్థ ఓడ మొత్తాన్ని అద్దెకు తీసుకున్నప్పుడూ, కొన్ని గదులు మరమ్మతుకు వెళ్లినప్పుడూ ముందుగా బుక్ చేసుకున్నవారికి ఇలాంటి ఉత్తరాలే వస్తాయి.

దగ్గర ఉంచుకోవలసినవి

- బుకింగ్ ధ్రువీకరణ పత్రం. అందులో కేటగిరీ కోడ్, తుది చెల్లింపు తేదీ, రద్దు చేసుకుంటే పడే కోత పట్టిక స్పష్టంగా ఉండాలి.
- కంపెనీ వెబ్‌సైట్‌లో ఉండే ప్రయాణ ఒప్పందం. చాలా పొడవుగా ఉంటుంది. గది మార్పు, ప్రయాణ రద్దు, పరిహారం గురించిన భాగాలు చదివితే చాలు.
- మీరు ఎక్కబోయే ఓడ డెక్ ప్లాన్, అంటే ఏ డెక్‌లో (అంతస్తులో) ఏ గది ఎక్కడుందో చూపే పటం. అదే పేరుతో మొదలయ్యే మరో ఓడది కాదు.
- విమానం, హోటల్, వీసాలకు పెట్టిన ఖర్చుల పట్టిక, వాటిలో తిరిగి వచ్చేదెంత, రానిదెంత అన్న వివరంతో.
- ఏజెంటుతో జరిగే మాటలన్నీ ఈమెయిల్‌లో ఉండేలా ఒకే ఉత్తరాల వరుస.

1. మీ బుకింగ్ ఏ రకమో ముందు తేల్చుకోండి

బుకింగ్‌లు మూడు రకాలు. గది నంబరు కేటాయించినది మొదటిది, గ్యారంటీ రెండవది, వెయిట్‌లిస్ట్ మూడవది. చివరి రెండింటినీ ఒకటే అనుకోవడం అన్నింటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. గ్యారంటీలో మీకు ఓడలో చోటు ఖాయం. వెయిట్‌లిస్ట్‌లో ఏదీ ఖాయం కాదు. ఎవరైనా రద్దు చేసుకుంటేనే మీ వంతు వస్తుంది. అడ్వాన్సు తీసుకున్నంత మాత్రాన వెయిట్‌లిస్ట్ బుకింగ్ కాజాలదు. హిమాయత్‌నగర్‌లోనో అమీర్‌పేటలోనో ఏజెంటు కార్యాలయంలో కూర్చున్నప్పుడు "అయిపోతుందండీ, మీరేం కంగారుపడకండి" అన్న మాట విని లేచి రాకండి. "ఇది గ్యారంటీయా, వెయిట్‌లిస్టా? కంపెనీ ఇచ్చిన బుకింగ్ నంబరు ఏది?" అని అడిగి, సమాధానం ఈమెయిల్‌లో పెట్టించుకోండి.

సరిచూసుకునే పద్ధతి: కంపెనీ ఇచ్చిన బుకింగ్ నంబరుతో, మీ ఇంటిపేరుతో కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోగానీ యాప్‌లోగానీ లాగిన్ అవ్వండి. మీ పేర్లు, ప్రయాణ తేదీ, కేటగిరీ, కట్టిన మొత్తం కనిపిస్తే బుకింగ్ నిజంగా ఉన్నట్టు. ఏజెంటు సొంత రసీదు నంబరు అక్కడ పనిచేయదు.

2. గ్యారంటీ మీ ఇంటివారికి సరిపడేదేనా అని ఆలోచించండి

మన దగ్గర క్రూజ్‌కు వెళ్లేవారిలో చాలామంది ఒంటరిగా వెళ్లరు. తల్లిదండ్రుల షష్టిపూర్తి అనో, అమెరికాలో ఉన్న పిల్లలు వచ్చి కలుస్తారనో రెండు మూడు గదులు కలిపి తీసుకుంటారు. సరిగ్గా అలాంటివారికే గ్యారంటీ పనికిరాదు. రెండు గ్యారంటీ గదులు తీసుకుంటే ఒకటి ఐదో డెక్‌లో ముందు భాగాన, మరొకటి పదో డెక్‌లో వెనుక భాగాన రావచ్చు, ఆ తరువాత పక్కపక్కన కావాలని అడిగే హక్కు మీకు ఉండదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకు లిఫ్టుకు దగ్గరగా గది కావాలన్నా, చక్రాల కుర్చీ పట్టే వెడల్పు తలుపున్న గది కావాలన్నా, ఎవరికైనా సముద్రపు కదలిక పడదన్నా, నాలుగు డబ్బులు ఎక్కువైనా నంబరు ఎంచుకుని తీసుకోండి. కదలిక పడనివారికి ఓడ మధ్య భాగంలో, కింది డెక్‌లలో ఉన్న గది మేలు.

పిల్లల విషయంలో మరో జాగ్రత్త ఉంది. అమెరికా రేవుల నుంచి బయలుదేరే చాలా ఓడల్లో 21 ఏళ్లు నిండనివారు పెద్దవారితో ఒకే గదిలోగానీ, తల్లిదండ్రుల పక్క గదిలోగానీ ఉండాలన్న నిబంధన ఉంటుంది. ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలకు విడిగా గ్యారంటీ గది తీసుకునే ముందు ఆ నిబంధన చదవండి. ఇక ముగ్గురు నలుగురు ఒకే గదిలో ఉండాలనుకుంటే వీలైనంత ముందే బుక్ చేసుకోవాలి. గదిలో అదనపు పడక ఉన్నా, ఆ భాగానికి కేటాయించిన లైఫ్‌బోట్‌లో చోటు నిండిపోతే మూడో మనిషికి కంపెనీ అనుమతి ఇవ్వదు. గది ఖాళీగా కనిపిస్తున్నా బుకింగ్ తీసుకోకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

రెండు ప్రయాణాలను వెంటవెంటనే కలిపి తీసుకున్నవారు కూడా గ్యారంటీకి వెళ్తే మధ్యలో పెట్టెలు సర్దుకుని గది మారవలసి రావచ్చు. ఇద్దరే వెళ్తున్న దంపతులకు, రోజంతా బయట తిరిగి రాత్రికి మాత్రమే గదికి చేరేవారికి మాత్రం ఇది మంచి బేరం.

3. ఆ కేటగిరీలోని అన్నింటికంటే నాసిరకం గదిని చూడండి

ప్రకటనల్లో కనిపించే గది ఎప్పుడూ ఆ కేటగిరీలో అందమైనది. మీరు డెక్ ప్లాన్ తెరిచి, మీ కేటగిరీ రంగులో ఉన్న గదులన్నిటిలో అన్నింటికంటే ఇబ్బందికరమైనదాన్ని వెతకండి. కిటికీ ముందు లైఫ్‌బోట్ అడ్డం ఉన్న గదులు ఆ కేటగిరీలో ఉన్నాయా? ఈత కొలను కిందనో, బఫే హాలు కిందనో ఉన్న గదులు ఉన్నాయా? అక్కడ తెల్లవారుజామునే కుర్చీలు ఈడ్చే చప్పుడు మొదలవుతుంది. ఓడ ముందు భాగాన బాగా కింద ఉన్న గదుల్లో లంగరు దించే చప్పుడు, రేవులో ఓడను పక్కకు తిప్పే యంత్రాల అదురు వినిపిస్తాయి. నాటకశాల, నైట్‌క్లబ్ పైనున్న గదుల్లో అర్ధరాత్రి దాకా సంగీతం ఆగదు.

ఆ గదే మీకు వచ్చిందనుకోండి. ఈ ధరకు ఒప్పుకుంటాం అనిపిస్తే గ్యారంటీ తీసుకోండి, లేదంటే వద్దు. పై కేటగిరీ వస్తుందన్న ఆశతో డబ్బు కట్టినవారే చివరికి ఎక్కువ బాధపడుతున్నారు. అన్నీ సూట్లే ఉండే విలాస ఓడల్లో ఈ ప్రమాదం తక్కువ. అక్కడ తేడా ఎక్కువగా ఏ డెక్‌లో, ఏ చివరన అన్నదానిలోనే ఉంటుంది. అయినా చూసుకోవడం మానకండి.

4. తేదీలు, వీసాలు, విమానాలు ఒక కాగితం మీద పెట్టండి

తుది చెల్లింపు తేదీ చాలా కంపెనీల్లో ప్రయాణానికి సుమారు 90 రోజుల ముందు ఉంటుంది. విలాస ఓడల్లో, సుదీర్ఘ ప్రయాణాల్లో ఇంకా ముందే ఉండవచ్చు. రద్దు చేసుకుంటే పడే కోత సాధారణంగా ఆ తేదీ నుంచి మొదలై, ప్రయాణం దగ్గరపడేకొద్దీ దశలవారీగా పెరుగుతుంది. కాబట్టి గ్యారంటీ గది మీద అనుమానం ఉన్నవారు ఆ తేదీకి ముందే నిర్ణయం తీసుకోవాలి.

వీసాకు గది నంబరు అవసరం పడదు. పేర్లు, తేదీలు, ఓడ ఆగే రేవుల జాబితా ఉన్న ధ్రువీకరణ కావాలి. షెంగెన్ వీసాకు (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి పనిచేసే వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, 15 రోజులకంటే దగ్గరపడితే తీసుకోరు. ఓడ మధ్యలో తుర్కియే రేవులోనో, మాంటెనెగ్రోలోని కోటోర్‌లోనో ఆగి మళ్లీ గ్రీస్‌కో ఇటలీకో వస్తుందంటే మీరు షెంగెన్ సరిహద్దు దాటి తిరిగి వస్తున్నట్టు లెక్క, కనుక ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశం ఉన్న వీసా అడగాలి. వాంకూవర్ నుంచి అలాస్కా వెళ్లేవారికి అమెరికా వీసాతోపాటు కెనడా వీసా కూడా కావాలి. ఈ వివరాలు ఇప్పుడే రాసి పెట్టుకోమనడానికి కారణం ఏడో మెట్టులో తెలుస్తుంది.

విమాన టికెట్లు కొనేటప్పుడు రెండు నియమాలు పాటించండి. శంషాబాద్ నుంచి బయలుదేరి, ఓడ ఎక్కే రోజుకు కనీసం ఒక రోజు ముందే ఆ ఊరు చేరేలా చూసుకోండి. విమానం ఆలస్యమైందని ఓడ ఆగదు. తేదీ మార్చుకునే వీలున్న టికెట్‌కు కొంత ఎక్కువ కట్టవలసి వచ్చినా కట్టండి.

5. ఎదురుచూసే రోజుల్లో చేయవలసినవి

గది నంబరు బుక్ చేసిన మరునాడే రావచ్చు, బయలుదేరడానికి రెండు మూడు రోజుల ముందు రావచ్చు, అరుదుగా రేవులోనే చెప్పవచ్చు. రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తే త్వరగా రాదు. ప్రయాణానికి నెల ముందు వరకు వారానికి ఒకసారి, ఆ తరువాత రెండు రోజులకోసారి, చివరి వారం రోజూ యాప్‌లో చూడండి. ఏజెంటు ద్వారా బుక్ చేసి ఉంటే కంపెనీ చాలావరకు ఏజెంటుతోనే మాట్లాడుతుంది, మీతో మాట్లాడదు. సొంతంగా బుక్ చేసుకున్నవారు సమయం చూసుకోండి: మయామీ కార్యాలయం ఉదయం 9 గంటలకు తెరిస్తే వేసవిలో మనకు సాయంత్రం 6.30, శీతకాలంలో 7.30 అవుతుంది.

ఈ మధ్యలో "ఇంత అదనంగా కడతామని వేలం పెట్టండి, పై గది రావచ్చు" అన్న ఈమెయిల్ కొన్ని కంపెనీల నుంచి వస్తుంది. ఆ మొత్తం సాధారణంగా తలకు ఇంత అని ఉంటుంది, కాబట్టి గదికి రెట్టింపు అవుతుంది. ఒకసారి ఆమోదిస్తే కార్డు నుంచి డబ్బు పోతుంది, వెనక్కి రాదు, కొత్త గది ఎక్కడన్నది మళ్లీ కంపెనీ ఇష్టం. మంచి గది నంబరు ఎంచుకుని కూర్చున్నవారు వేలానికి వెళ్లకండి. అంతేకాక, "అడగకుండా గది మార్చవద్దు, ఉచితంగా పై కేటగిరీ ఇచ్చినా వద్దు" అని బుకింగ్‌లో రాయించుకోండి. అలా రాయించుకోనివారిని మధ్య డెక్‌లోని ప్రశాంతమైన గది నుంచి వెనుక చివరన ఉన్న పెద్ద గదికి మార్చి, దాన్ని మేలు చేసినట్టుగా చెప్పే సందర్భాలు ఉంటాయి.

6. నంబరు వచ్చిన రోజే సరిచూసుకోండి

చాలా ఓడల్లో నంబరులోని మొదటి అంకెలు డెక్‌ను సూచిస్తాయి. డెక్ ప్లాన్‌లో ఆ గదిని గుర్తించి, దాని పై డెక్‌లో, కింది డెక్‌లో సరిగ్గా అదే చోట ఏముందో చూడండి. పైన, కింద కూడా గదులే ఉంటే చప్పుడు బాధ చాలావరకు తప్పినట్టు. తరువాత ధ్రువీకరణ పత్రంలోని కేటగిరీ కోడ్‌తో పోల్చండి. కట్టినదానికంటే తక్కువ కేటగిరీ ఉంటే అది పొరపాటు, వెంటనే రాతపూర్వకంగా అడగండి. పడకలు కలిపి ఉన్నవా, విడివిడిగా ఉన్నవా, మూడో వ్యక్తికి పడక ఉందా, పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయా, ఇవన్నీ అప్పుడే చూసి ఆ పేజీని ఫొటో తీసి పెట్టుకోండి.

గది నచ్చకపోతే మర్యాదగా అడగవచ్చు, హక్కుగా అడగలేరు. "ఇదే కేటగిరీలో మధ్య భాగాన ఖాళీ ఉంటే మార్చగలరా, తేడా ఎంత?" అని నిర్దిష్టంగా అడిగితే సమాధానం వస్తుంది; "ఈ గది బాగాలేదు" అంటే రాదు.

7. ఓవర్‌బుకింగ్ ఉత్తరం వస్తే

తొందరపడి ఒప్పుకోకండి, కోపంతో పక్కన పడేయకండి. కంపెనీలు మొదట స్వచ్ఛందంగా మారేవారి కోసం అడుగుతాయి. ఇంకా గది నంబరు కేటాయించనివారికీ, నిండిపోయిన కేటగిరీలో ఉన్నవారికీ ఇలాంటి ఉత్తరాలు ఎక్కువగా వెళ్తాయి. అవసరమైనంతమంది ఒప్పుకోగానే ఆ అవకాశం మూసుకుపోతుంది. సాధారణంగా ఇవ్వజూపేవి ఇవి: మొత్తం డబ్బు వాపసు, వేరే తేదీకి మార్పుతోపాటు కొంత శాతం వాపసు, పై కేటగిరీ, ఓడలో ఖర్చు పెట్టుకునే క్రెడిట్, భవిష్యత్ ప్రయాణానికి క్రెడిట్.

మొదట చూడవలసింది ఇది అడగడమా, చెప్పడమా అన్నది. ఉత్తరంలో "మీరు ఇష్టపడితే" అని ఉంటే కాదనే స్వేచ్ఛ మీది. "మీ బుకింగ్ మార్చాం" అని ఉంటే వెంటనే ప్రయాణ ఒప్పందం తెరిచి, కంపెనీ ఏమేం ఇవ్వాలో చూడండి. విమానం ఎక్కనివ్వకపోతే మన దేశంలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిర్ణయించిన పరిహారం ఉంది. క్రూజ్‌కు అలాంటి లెక్క లేదు, ఒప్పందంలో రాసుకున్నదే ఆధారం. అందువల్ల బేరం ఆడవలసింది ఒప్పుకునే ముందే.

తరువాత వీసాలు. హైదరాబాద్ నుంచి వెళ్లే మనకు ఇదే అసలు చిక్కు. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవారికి రెండు వారాల తరువాత అదే ఓడ అంటే మారేది తేదీ ఒక్కటే. మనకు అలా కాదు. వీసా గడువు కొత్త తేదీలకు సరిపోతుందా? కొత్త ప్రయాణంలో తుర్కియే రేవు చేరితే రెండోసారి ప్రవేశించే వీలుందా? స్పెయిన్‌లో ఎక్కువ రోజులని అక్కడి వీసా తీసుకున్నవారికి గ్రీస్ చుట్టూ తిరిగే ప్రయాణం ఇస్తే సరిహద్దులో ప్రశ్నలు రావచ్చు. ఈ ప్రశ్నల్లో ఒక్కదానికి సమాధానం లేకపోయినా తేదీ మార్పుకు ఒప్పుకోకండి. డబ్బు వాపసో, అదే ఓడలో వేరే కేటగిరీయో అడగండి.

ఆ తరువాత డబ్బు లెక్క. లెక్క తెలియడానికి అంకెలు వేసుకుందాం. ఇద్దరికి క్రూజ్ ఛార్జీ 6,00,000 రూపాయలు అనుకోండి. వేరే తేదీకి మారితే నాలుగో వంతు, అంటే 1,50,000 వాపసు ఇస్తామన్నారు. విమాన టికెట్ల మార్పుకు 70,000, పోయే హోటల్ డబ్బు 18,000, మళ్లీ వీసాకు 25,000 అయితే మొత్తం 1,13,000. చేతికి మిగిలేది 37,000. దానికి సెలవు మళ్లీ దొరకడం, పిల్లల పరీక్షలు, కలవడానికి వచ్చేవారి టికెట్లు కూడా కలిపి చూస్తే ఆ బేరం అంత ఆకర్షణీయంగా ఉండదు. అదే సగం వాపసుతోపాటు విమాన మార్పు ఖర్చు కూడా కంపెనీ భరిస్తానంటే, సెలవు సర్దుకునేవారు నిశ్చింతగా ఒప్పుకోవచ్చు.

ఓడలో ఖర్చు పెట్టుకునే క్రెడిట్‌ను నగదుతో సమానంగా లెక్కించకండి. చాలావరకు అది ప్రయాణం ముగిసేలోగా వాడుకోకపోతే పోతుంది. విలాస ఓడల్లో పానీయాలు, టిప్పులు ఛార్జీలోనే కలిసి ఉంటాయి, రీజెంట్‌లో రేవుల్లో తిప్పే యాత్రలు కూడా చాలావరకు కలిసే ఉంటాయి, కనుక ఆ క్రెడిట్ ఖర్చు పెట్టడానికి స్పా, దుకాణాలు తప్ప పెద్దగా ఏమీ మిగలదు. భవిష్యత్ ప్రయాణ క్రెడిట్‌కు గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీలోగా బుక్ చేస్తే చాలా, ప్రయాణమే పూర్తి కావాలా అన్నది తప్పక అడగండి.

సమాధానం ఫోన్‌లో చెప్పినా సరే, అదే రోజు ఈమెయిల్ పంపండి. అందులో మీరు ఒప్పుకుంటున్నది ఏ ప్రయాణానికి, ఏ కేటగిరీకి, ఏ గది నంబరుకు, వాపసు ఎంత, ఏ కరెన్సీలో, ఎన్ని రోజుల్లో, విమాన మార్పు ఖర్చు ఎవరిది, ఇవన్నీ రాసి, కంపెనీ నుంచి ధ్రువీకరణ వచ్చిన తరువాతే మార్పు అమలులోకి వస్తుందని స్పష్టం చేయండి. ఈసారి గ్యారంటీ కాకుండా గది నంబరుతోనే ఇవ్వమని అడగండి. ఇబ్బంది పెట్టినందుకు చాలా కంపెనీలు ఆ మాత్రం ఒప్పుకుంటాయి. పాత విమాన టికెట్లను ఆ ధ్రువీకరణ చేతికి వచ్చేదాకా ముట్టుకోకండి.

8. రేవుకు వెళ్లేదాకా నంబరు రాకపోతే

సామాను చీటీల మీద పేరు, బుకింగ్ నంబరు, ఓడ పేరు రాయండి. గది నంబరును చెక్ ఇన్ దగ్గర రాయించుకోవచ్చు. పాస్‌పోర్టులు, మందులు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉంచుకోండి, ఎందుకంటే పెట్టెలు గదికి చేరడానికి సాయంత్రం దాకా పట్టవచ్చు. ఓడ ఎక్కిన తరువాత గదిలో చప్పుడో, నీటి లీకో ఉంటే మొదటి రోజే అతిథి సేవల కౌంటరులో చెప్పి, నమోదు చేయించండి. ఓడ బయలుదేరాక రానివారి గదులు తేలతాయి కనుక ఆ రాత్రో మరునాడో మార్పు దొరికే అవకాశం ఉంటుంది. ఇంటికి వచ్చాక రాసే ఫిర్యాదుకు అంత విలువ ఉండదు.

9. వాపసు వచ్చిన తరువాత సరిచూసుకోవలసినవి

డాలర్లలోనో యూరోల్లోనో కట్టినవారికి వాపసు కూడా అదే కరెన్సీలో వస్తుంది. మారకపు ధర తేడా వల్ల, కార్డు కంపెనీ వేసుకున్న విదేశీ లావాదేవీ రుసుము వల్ల రూపాయల్లో మొత్తం తగ్గవచ్చు. కార్డు స్టేట్‌మెంట్‌లో కట్టిన రోజు అంకెను, వచ్చిన రోజు అంకెను విదేశీ కరెన్సీలోనే పోల్చండి. అక్కడ సరిపోతే కంపెనీ సరిగానే ఇచ్చినట్టు.

హైదరాబాద్ ఏజెంటు దగ్గర విదేశీ ప్యాకేజీగా కొన్నవారి నుంచి టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) తీసుకుని ఉంటారు. ప్రయాణం రద్దయితే ఆ మొత్తం వెనక్కి ఇస్తారా, లేక మీ పాన్ మీద ప్రభుత్వానికి జమ చేశారా అని అడిగి, ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో మీ పన్ను జమల పట్టికలో చూడండి. జమ అయి ఉంటే ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

ఏజెంటు గ్యారంటీ అని చెప్పి వెయిట్‌లిస్ట్ అమ్మినా, వాపసు తన దగ్గరే ఆపుకున్నా, మొదట రాతపూర్వకంగా గడువు ఇచ్చి అడగండి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, ఏజెంటు ముంబయిలోనో ఢిల్లీలోనో ఉన్నా సరే. చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయలకు మించకపోతే అది జిల్లా కమిషన్ పరిధిలోకే వస్తుంది. ఫిర్యాదుకు ధ్రువీకరణ పత్రం, చెల్లింపు రసీదులు, ఒకటో మెట్టులో పెట్టించుకున్న ఆ ఈమెయిల్ జతచేయండి.